మా ఇంటి కంపెనీకి కూడా కార్పొరేట్ గవర్నెన్స్ కావాలా? బరంపురం నుంచి అడిగిన బాబుకి నా జవాబు

బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బరంపురం దగ్గర మీకు జీడిపప్పు ఫ్యాక్టరీ, ప్రైవేట్ లిమిటెడ్, నాన్నగారికి 50 శాతం, బాబాయికి 30, అమ్మగారికి 20, ముగ్గురూ డైరెక్టర్లే, నువ్వు ఎంబీఏ చేసొచ్చి లెక్కలు చూస్తున్నావు. సీసీ లిమిట్ (వ్యాపారం నడవడానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు పరిమితి) పెంచమని బ్యాంకుకి వెళ్తే మేనేజరు "మీ కంపెనీలో గవర్నెన్స్ సరిగ్గా లేదు" అన్నాడు. నీ ప్రశ్న ఏటంటే, ఇవన్నీ షేర్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీలకి కదా, మా ఇంట్లో ఏ విషయమైనా భోజనాల దగ్గరే తేలిపోతుంది, ఇది కాయితాల పనే కదా, ఎవరికో డబ్బులిచ్చి రాయించేస్తే సరిపోదా అని.

సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా అబ్బాయి వయసువాడివి. నేను ఈ సరిహద్దు జిల్లాల్లోనే, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ చుట్టూ తిరిగి 30 ఏళ్ళు పైగా కంపెనీల సెక్రటేరియల్ పనులు, అంటే మీటింగుల రికార్డులు, ఫైలింగులు, చేశాను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాయితం మీద ఇంగ్లీషు, ఇదీ మన దగ్గర కంపెనీల పరిస్థితి. ఆ మూడు భాషల మధ్యలో ఎన్ని సంసారాలు నలిగిపోయాయో దగ్గర నుంచి చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఇంగ్లండ్‌లో 1992లో క్యాడ్‌బరీ కమిటీ కార్పొరేట్ గవర్నెన్స్ అంటే కంపెనీలని నడిపించే, అదుపులో పెట్టే పద్ధతి అని చెప్పింది. బాగానే ఉంది గానీ నాకు అర్థమైన మాటల్లో చెప్పాలంటే, కంపెనీలో పెద్దాయనకి "వద్దు" అని చెప్పగలిగే మనిషి ఎవరు, ఆ వద్దు ఎక్కడ రాసి ఉంటుంది, ఇదే అసలు సంగతి. భోజనాల దగ్గర తేలిపోతుంది అన్నావు చూడు, అక్కడ తేలేది మొహమాటంతో బాబూ. అన్నగారు విస్తరి ముందు కూర్చుని "ఆ మెషీన్ కొనేద్దాం రా" అంటే తమ్ముడు వద్దంటాడా? వదినగారు వడ్డిస్తూ ఉంటే అసలు నోరు లేస్తుందా? మనసులో ఇష్టం లేకపోయినా "మీ ఇష్టం అన్నయ్యా" అంటాడు, అదే ఒప్పుకోవడం కింద లెక్క, పదేళ్ళ తర్వాత గొడవొచ్చినప్పుడు మాత్రం "నేనెప్పుడు ఒప్పుకున్నాను" అంటాడు, అదీ నిజమే, ఇదీ నిజమే.

ఒక సంగతి చెప్తాను, ఇందులో నా తప్పుంది. 2004 ప్రాంతంలో గజపతి జిల్లాలో ఒక రైసు మిల్లు కంపెనీకి నేనే పని చేసేవాణ్ణి. భర్త మేనేజింగ్ డైరెక్టరు, భార్య డైరెక్టరు, ఇద్దరూ పెద్ద మనసున్న మనుషులు. ఏడాదంతా మీటింగ్ అన్నదే లేదు, మార్చి ఆఖర్లో నేను మినిట్స్ బుక్కు, అంటే మీటింగులో ఏం జరిగిందో రాసే పుస్తకం, పట్టుకెళ్ళి ఒకే రాత్రి నాలుగు మీటింగులు రాసేవాణ్ణి, తేదీలు మార్చి, అదే పెన్నుతో. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు పెట్టి ఆవిడకి ఇచ్చేవాణ్ణి. ఆవిడ వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని, తెలుగులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పూర్తి పేరు రాసేది. ఆ ఏడాది ఎందుకో ఆగి "ఇందులో ఏటుంది బాబూ" అని అడిగింది. "ఏం లేదమ్మా, ఎప్పుడూ ఉండేవే" అన్నాను.

ఉంది. భర్త తన బావమరిది లారీల వ్యాపారానికి తీసుకున్న లోనుకి కంపెనీ గ్యారంటీ ఇస్తున్నట్టు తీర్మానం, దాని వెనకే ఆవిడ సొంత గ్యారంటీ, వాళ్ళ నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఇంటి కాయితాలు. అన్నీ ఇంగ్లీషులో. లారీలు మునిగాయి, ఆయన గుండెపోటుతో పోయారు, దినాలు అయిన కొన్నాళ్ళకే బ్యాంకు నుంచి 60 రోజుల నోటీసు ఆవిడ పేరున వచ్చింది. నన్ను పిలిపించి ఒకటే అడిగింది, "నేనెప్పుడు ఒప్పుకున్నాను బాబూ" అని. మినిట్స్ బుక్కు తీస్తే ఫలానా తేదీన ఉదయం 11 గంటలకి రిజిస్టర్డ్ ఆఫీసులో జరిగిన మీటింగ్‌కి ఆవిడ హాజరైనట్టు, ఏకగ్రీవంగా ఒప్పుకున్నట్టు ఉంది, నా చేతిరాతతోనే. ఆ రోజు ఆవిడ శ్రీకాకుళంలో కూతురి పురిటికి వెళ్ళి ఉంది. ఆవిడ తరఫున మాట్లాడాల్సిన పుస్తకం ఆవిడకే ఎదురు సాక్ష్యం అయింది. ఆ ఇల్లు అమ్మి బ్యాంకుతో సెటిల్ చేసుకున్నారు. అప్పటి నుంచి జరగని మీటింగ్ అనేది నా చేత్తో ఒక్కటి కూడా రాయలేదు.

అందుకే నీ కంపెనీలో అమ్మగారి 20 శాతం, ఆవిడ డైరెక్టర్ పోస్టు అని చదవగానే నాకు మొదట ఆవిడే గుర్తొచ్చింది. "మా అమ్మ పేరుకే డైరెక్టరు" అని చాలామంది అంటారు. చట్టంలో పేరుకే డైరెక్టరు అనే రకం లేదు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 166లో డైరెక్టరు బాధ్యతలు రాశారు, జాగ్రత్తగా, సొంత బుర్రతో నిర్ణయం తీసుకోవాలని, అది నాన్నగారికీ అమ్మగారికీ ఒకటే.

ఇప్పుడు మినిట్స్ సంగతి చూడు, ఇది చాలామందికి తెలియదు. సెక్షన్ 118 ప్రకారం బోర్డు మీటింగ్ మినిట్స్‌లో ఎవరెవరు వచ్చారో రాయాలి, దాంతోపాటు ప్రతి తీర్మానానికీ ఒప్పుకోని వాళ్ళ పేర్లు కూడా రాయాలి. అంటే "వద్దు" అన్నవాడి మాట నమోదు చేయడం దయాదాక్షిణ్యం కాదు బాబూ, చట్టం పెట్టిన కనీసపు మర్యాద. మీటింగ్ అయిన 30 రోజుల్లో రాసేయాలి, పేజీలకి వరస నంబర్లుండాలి, తర్వాత దిద్దితే 2 ఏళ్ళ దాకా జైలు, జరిమానా కూడా ఉన్నాయి. మీటింగ్‌కి 7 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మామూలుగా ఏడాదికి 4 మీటింగులు, రెండిటి మధ్య 120 రోజులు దాటకూడదు, చట్టం లెక్కలో చిన్న కంపెనీ అయితే ఆరు నెలలకి ఒకటి చొప్పున రెండు చాలు, వాటి మధ్య కనీసం 90 రోజులు ఉండాలి. 12 నెలల్లో జరిగిన మీటింగుల్లో ఒక్కదానికీ రాని డైరెక్టరు పోస్టు దానంతట అదే పోతుంది, సెలవు అడిగినా సరే. మీ బాబాయి విశాఖలో ఎక్కువ ఉంటారని రాశావు, ఇది ఆయనకి చెప్పు.

ఏడు రోజుల నోటీసు ఎందుకు అంత ముఖ్యం అంటే, వద్దు అనడానికి మనిషికి టైమ్ కావాలి. అజెండా చేతికొచ్చాక బాబాయి నలుగురిని కనుక్కుంటాడు, మెషీన్ రేటు ఇంకోచోట అడుగుతాడు, అప్పుడు మీటింగ్‌లో మాట్లాడితే అది అన్నగారిని ఎదిరించినట్టు ఉండదు, అజెండాలో ఐటమ్ 3 మీద మాట్లాడినట్టు ఉంటుంది. మన ఇళ్ళల్లో ఈ చిన్న తేడాయే సంసారాలు నిలబెడుతుంది.

మొహమాటం చిన్న కంపెనీల రోగం అనుకోకు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం సంగతి తెలుగువాళ్ళం మర్చిపోతామా? 2008 డిసెంబర్ 16న బోర్డు కూర్చుంది. హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నాడు, ఐఎస్‌బీ అనే పెద్ద బిజినెస్ స్కూల్ డీన్ ఉన్నాడు, మాజీ క్యాబినెట్ సెక్రటరీ ఉన్నాడు. ఛైర్మన్ రామలింగరాజు గారి కుటుంబానికి సంబంధం ఉన్న మేటాస్ కంపెనీలు రెండిటిని 160 కోట్ల డాలర్లు పెట్టి కొనడానికి ఆ బోర్డు ఏకగ్రీవంగా ఒప్పేసుకుంది. బయట ఇన్వెస్టర్లు గోల చేస్తే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. అంటే బోర్డు గదిలో పలకాల్సిన "వద్దు" బయట మార్కెట్‌లో పలికింది. మూడు వారాలకి, 2009 జనవరి 7న, రామలింగరాజు గారు ఉత్తరం రాశారు, లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని. అదే కంపెనీకి 2008లో కార్పొరేట్ గవర్నెన్స్ బాగుందని అంతర్జాతీయ అవార్డు కూడా ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారనుకో. కాయితాల మీద అన్నీ ఉన్నాయి, కమిటీలున్నాయి, యజమానులతో సంబంధం లేని ఇండిపెండెంట్ డైరెక్టర్లున్నారు, పెద్ద ఆడిటర్ ఉన్నాడు. ప్రభుత్వం ఆ బోర్డుని తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ లాంటి వాళ్ళని కూర్చోబెట్టాక, అదే స్టాఫ్, అవే బిల్డింగులు, నాలుగు నెలలు తిరక్కుండా టెక్ మహీంద్రా చేతికి కంపెనీ ప్రాణంతో వెళ్ళింది. కంపెనీ ఎలా నడుస్తుంది అనేది పైన కూర్చున్న నలుగురి మీద ఎంత ఆధారపడి ఉంటుందో దానికన్నా పెద్ద రుజువు నాకు తెలీదు. 2013 చట్టంలో ఆడిటర్ల మార్పిడి, ఇండిపెండెంట్ డైరెక్టర్ల బాధ్యతలు అంత గట్టిగా రావడానికి ఈ దెబ్బే పెద్ద కారణం.

మన జిల్లాల్లోదే ఇంకోటి. రాయగడ, కలహండి మధ్య నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వడానికి వేదాంత కంపెనీ ప్రయత్నించినప్పుడు గొడవంతా అక్కడి గిరిజనులు డోంగ్రియా కొందులకీ కంపెనీకీ మధ్యనే అని మనం ఇక్కడ అనుకున్నాం. కానీ 2007లోనే నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ ఆ గ్రూపు షేర్లు తన జాబితాలోంచి తీసేసింది, 2010లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కూడా అమ్మేసింది. ఎక్కడ లండన్, ఎక్కడ మన బిస్సంకటక్! 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది, ఆ ఏడాదే 12 గ్రామసభలు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. నేను దీన్ని గవర్నెన్స్ పాఠంగానే చూస్తాను. బోర్డు గదిలో ఎవరూ అడగని ప్రశ్న కొండ మీద చెట్టు కింద కూర్చున్నవాళ్ళు అడిగారు, అప్పటికే రిఫైనరీ కింద లాంజిగఢ్‌లో కట్టేసి ఉంది. గని రాకముందే ఫ్యాక్టరీ కట్టొద్దని లోపలే ఒకరు గట్టిగా పట్టుబట్టి ఉంటే ఎంత డబ్బు, ఎంత బాధ తప్పేదో.

సరే మీ ఫ్యాక్టరీకి వద్దాం. నువ్వు రాసిందాంట్లో ఒక లైను నాకు బాగా గుచ్చుకుంది, బాబాయికి విడిగా ట్రేడింగ్ ఫర్మ్ ఉంది, జీడి పిక్కలు ఆ ఫర్మ్ నుంచే కొంటున్నాం అని. ఇదే మీ ఇంట్లో నిప్పురవ్వ. తప్పేం కాదు, కొనొచ్చు, కానీ ఇది సంబంధీకుల లావాదేవీ, సెక్షన్ 188. బజారు రేటుకి, రోజువారీ వ్యాపారంలో భాగంగా కొంటే ఇబ్బంది లేదు, అది బజారు రేటే అని రేపు చూపించగలగాలి అంతే. 80 కిలోల బస్తాకి 200 రూపాయలు ఎక్కువ పడితే సీజన్‌కి 5,000 బస్తాల మీద 10 లక్షలు. ఆ 10 లక్షల్లో సగం నాన్నగారిది, అయిదో వంతు అమ్మగారిది. అలాగని బాబాయి మోసం చేస్తున్నాడని నేను అనట్లేదు, పలాసలో దొరకని టైమ్‌లో ఆఫ్రికా సరుకు ఆయనే తెచ్చి ఇచ్చి ఉండొచ్చు, ఆ 200 న్యాయమే అయి ఉండొచ్చు. కానీ రాసి లేకపోతే న్యాయమైన 200 కూడా పదేళ్ళ తర్వాత దొంగతనంలా కనిపిస్తుంది. కొనే వారంలో పలాసలో ఇద్దరి దగ్గర రేటు కనుక్కుని ఒక రిజిస్టర్లో రాసుకోండి, బాబాయి తన ఫర్మ్ సంగతి ఏడాది మొదట్లో బోర్డుకి రాతపూర్వకంగా చెప్పాలి, అది ఎంబీపీ-1 ఫారం, ఒక్క పేజీ. ఆయన్ని రక్షించేది ఆ పేజీయే అని చెప్పు, అనుమానంతో అడుగుతున్నట్టు అడక్కు.

నాన్నగారు ఇంటి ఖర్చులకి కంపెనీ ఖాతాలోంచి తీస్తారని కూడా రాశావు. దీని మీద నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే మన దగ్గర ప్రతి కంపెనీలోనూ ఇదే. కంపెనీ వేరే మనిషి బాబూ. నాన్నగారికి 50 శాతం ఉంది కాబట్టి గల్లాపెట్టెలో సగం ఆయనదే అనుకోవడం కుదరదు. డైరెక్టరుకి కంపెనీ అప్పివ్వడం మీద సెక్షన్ 185 ఉంది, ప్రైవేట్ కంపెనీలకి మినహాయింపు ఉంది గానీ దానికి షరతులున్నాయి, ఇంకో కంపెనీ మీలో షేర్లు పెట్టి ఉండకూడదు, బ్యాంకు అప్పులు పెయిడప్ క్యాపిటల్‌కి (షేర్లకి మీరు కట్టిన మూలధనానికి) రెండింతలు లేదా 50 కోట్లు, ఏది తక్కువైతే దానికి లోపు ఉండాలి, కిస్తీలు తప్పి ఉండకూడదు. మీ సీసీ లిమిట్ పెరిగితే రెండింతలు దాటేస్తారేమో ముందు లెక్క చూసుకో. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళైతే అలా తీసిన డబ్బుని డివిడెండ్ (వాటాదారులకి పంచే లాభం) కింద లెక్కేస్తారు. దీనికి మందు సులువు, నాన్నగారికి నెలకి జీతం ఫిక్స్ చేసి తీర్మానం చేయండి, మిగిలింది ఏడాది చివర డివిడెండ్‌గా అందరికీ వాటా ప్రకారం పంచండి. అమ్మగారికి కూడా ఆవిడ ఖాతాలో పడుతుంది, చాలా ఇళ్ళల్లో ఆ తల్లులకి కంపెనీ నుంచి చేతికొచ్చే మొదటి డబ్బు అదే అవుతుంది.

లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో వెనక తేదీలకి వెళ్ళి ఎంట్రీలు సర్దే అలవాటు ఉంటే మానేయ్. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే ఏర్పాటు తప్పనిసరి, దాన్ని ఆపకూడదు, ఆడిటర్ తన రిపోర్టులో దాని గురించి రాయాలి. బ్యాంకు వాడు ముందు చదివేది అదే ఈ రోజుల్లో.

ఫైలింగులు మాత్రం ఆలస్యం చేయకండి. సెప్టెంబర్ 30 లోపు ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం), తర్వాత లెక్కల ఫారం ఏఓసీ-4, వార్షిక రిటర్ను ఎంజీటీ-7, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. వరసగా మూడేళ్ళు వేయకపోతే డైరెక్టర్లందరూ 5 ఏళ్ళ పాటు అనర్హులు. 2017లో కేంద్రం 2 లక్షలకి పైగా కంపెనీలని రిజిస్టర్లోంచి కొట్టేసినప్పుడు మన వైపు వాళ్ళు ఎంతమంది కటక్‌లో కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసుకి పరిగెత్తారో నాకు తెలుసు, అందులో సగం మంది ఆడవాళ్ళు, తాము డైరెక్టర్లమని అప్పుడే తెలిసినవాళ్ళు.

మీ మేనేజరు మాట గురించి. రాయగడ దగ్గర జేకే పేపర్ మిల్లు చూడు, తేరుబలిలో ఇంఫా ఫ్యాక్టరీ చూడు, అవి షేర్ మార్కెట్‌లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు, మామూలుగా క్వార్టర్ (మూడు నెలలు) అయిన 45 రోజుల్లో లెక్కలు జనం ముందు పెట్టాలి. ఆ ఒక్క రూల్ వల్ల గోడౌన్‌లో స్టాక్ లెక్కపెట్టే గుమస్తా దాకా అందరి పనీ మారిపోతుంది, ఎందుకంటే ఆ తేదీ ఎవరి కోసమూ ఆగదు. మీకు ఆ రూల్ లేదు. అందుకే మేనేజరు నాన్నగారి మొహం చూసి అప్పివ్వాలి, ఆయనకి రేపు ఏదైనా అయితే సంతకం ఎవరిది, స్టాక్ స్టేట్‌మెంట్ నిజమని ఎవరు చెప్తారు, ఇదే వాడి భయం. ఆ భయం తప్పని నేను అనలేను.

బాబాయి సంగతి కూడా నాన్నగారు తెలుసుకుని ఉండాలి. 30 శాతం అంటే ప్రత్యేక తీర్మానానికి కావాల్సిన 75 శాతం ఆయన లేకుండా రాదు. పదో వంతు వాటా ఉంటే చాలు, అణచివేత జరుగుతోందని కటక్‌లో ఉన్న ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి) వెళ్ళొచ్చు. వెళ్ళినంత మాత్రాన గెలుస్తారని కాదు, టాటాల మీద మిస్త్రీ కుటుంబం 18 శాతం పైన వాటాతో పోరాడి 2021లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. కానీ ఆ అయిదేళ్ళ పోరాటం టాటాలు తట్టుకుంటారు, మీ ఫ్యాక్టరీ ఒక్క సీజన్ కూడా తట్టుకోదు. పీలింగ్ సెక్షన్‌లో కూర్చున్న ఆడకూలీలకి వారం కూలీ ఆగిపోతుంది ముందు.

బయటి మనిషిని ఒకరిని బోర్డులో పెట్టుకోవాలా అని కూడా అడిగావు. ప్రైవేట్ కంపెనీకి చట్టం అడగదు, నేను మాత్రం పెట్టుకోమంటాను. రిటైరైన బ్యాంకు ఆఫీసరో, కాలేజీలో కామర్స్ చెప్పిన మాస్టారో, మీ బంధువు కానివాడు, మీ దగ్గర సరుకు కొననివాడు, నాన్నగారు గౌరవించే మనిషి అయి ఉండాలి, అలాగని ఆయనంటే భయపడే మనిషి కాకూడదు. మీటింగ్‌కి ఇంత అని సిట్టింగ్ ఫీజు ఇవ్వండి. నాకు తెలిసి గుణుపురం వైపు ఒక కంపెనీలో అలాంటి మాస్టారు ఒకాయన కూర్చునేవారు, ఆయన ప్రతి మీటింగ్‌లోనూ ఒకే ప్రశ్న అడిగేవారు, "ఇది మీ డబ్బు కాకుండా నా డబ్బైతే ఇలాగే ఖర్చు పెడతారా" అని. ఆ ప్రశ్న వస్తుందని తెలిసి అన్నదమ్ములు సగం ఐటమ్‌లు అజెండాలోంచి ముందే తీసేసేవారు.

ఈ వారం నువ్వు చేయాల్సింది ఒకటి ఉంది. బీరువాలోంచి మినిట్స్ బుక్కు, గ్యారంటీ కాయితాల కాపీలు తీసి, అమ్మగారి సంతకం ఉన్న ప్రతి పేజీ ఆవిడ పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించు. నాన్నగారు ఉంటే ఇంకా మంచిది. ఆవిడ దేనికైనా "ఇది నాకు తెలీదు" అంటే వాదించకు, పేజీ నంబరు, తేదీ ఒక కాయితం మీద రాసుకో. పాత తేదీలు దిద్దే పని మాత్రం పొరపాటున కూడా పెట్టుకోవద్దు. ఆ పేజీల లిస్టు పంపు, మీ మొదటి అసలైన బోర్డు మీటింగ్‌కి నోటీసు, అజెండా నేను రాసిస్తాను, ఇంగ్లీషులో ఒకటి, అమ్మగారి కోసం తెలుగులో ఒకటి.